పాలకుర్తి పంట మీద మొదలైన యుద్ధం

సెప్టెంబర్ 17 దగ్గర పడితే చాలు, పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా ఫ్లెక్సీలు లేస్తాయి. ఒకరిది విమోచన దినం, ఒకరిది విలీన దినం, మరొకరిది సమైక్యతా దినం. పటేల్ బొమ్మ ఉంటుంది, భారత సైన్యం ఉంటుంది. కానీ 1948లో ఆ సైన్యం రావడానికి రెండేళ్ల ముందే ఈ గడ్డమీద ఒక యుద్ధం మొదలైంది. కూలి లేకుండా, కాదనే హక్కు లేకుండా మనిషి చేత పని చేయించుకునే వెట్టిచాకిరి మీద, హైదరాబాద్ రాజ్యంలోని జనం ఆ రాజ్యంలోని దొరలతోనే చేసిన యుద్ధం అది.

ఇలాంటి యుద్ధమంటే మన పిల్లలకు ముందు గుర్తొచ్చేది అమెరికా. అమీర్‌పేటలో కోర్సులు ముగించుకున్న వేలమంది 2009 నుంచి 2023 దాకా ఆ దేశపు వీసా కోసం వరుసకట్టింది పక్కనే ఉన్న బేగంపేటలో, పైగా ప్యాలెస్ ముందు. కాన్సులేట్ అప్పుడు అందులోనే ఉండేది. బానిసత్వాన్ని ఎక్కడిదాకా సాగనివ్వాలన్న పేచీకి ఆ దేశం 1820లో ఒక రాజీ, 1850లో మరో రాజీ చేసుకుంది. నల్లవాళ్లు అసలు పౌరులే కారని 1857లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1860లో లింకన్ గెలవగానే దక్షిణ రాష్ట్రాలు విడిపోసాగాయి. 1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి. నాలుగేళ్లలో ఆరు లక్షల మందికి పైగా చనిపోయారు. అమెరికా దూది ఆగిపోవడంతో ఇంగ్లండ్ మిల్లులు మనవైపు చూశాయి. 1853లో నిజాం చేతినుంచి ఇంగ్లిషువాళ్ల అజమాయిషీలోకి పోయిన బేరార్‌లో పత్తి ధర ఎగబాకింది.

కాన్సులేట్ ఉండిన ఆ పైగా ప్యాలెస్ వికారుల్ ఉమ్రాది. 1893 నుంచి 1901 దాకా నిజాం ప్రధాని ఆయన. పంజాగుట్ట పక్క మిట్టమీది ఇర్రంమంజిల్ నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్నది. ఈ మేడల వెనక జాగీర్లున్నాయి, జాగీర్ల కింద పల్లెలున్నాయి. ఆ పల్లెల్లో మోతలు మోసినవాళ్ల పేర్లు చరిత్రలో వెతికితే దొరకవు. కాకతీయుల శాసనాల్లో చెరువు తవ్వించిన రాజు పేరుంది, తవ్వినవాడి పేరు లేదు. కుతుబ్‌షాహీల కాలమూ అంతే, ఆసఫ్‌జాహీల తొలి వందేళ్లూ అంతే. నిజాం ప్రధాని సాలార్‌జంగ్ భూమిశిస్తు పద్ధతిని తిరగరాశాక మాత్రం బొమ్మ కొంత తేటపడుతుంది. అంతకుముందు శిస్తు వసూలు చేసిపెట్టిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు భూములను తమ పేర పట్టా చేయించుకుని దొరలయ్యారు.

సర్కారుకు నేరుగా శిస్తు కట్టే దివానీ భూమి దాదాపు 60 శాతం, జాగీర్లు 30, నిజాం సొంత ఖర్చుల కిందికి వచ్చే సర్ఫేఖాస్ 10. రాజ్యం ఇట్లా ముక్కలు. జనం తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడితే దస్తావేజులు ఉర్దూలో నడిచేవి. దొర కోటలాంటి ఇల్లు గడీ ముందు మాత్రం ఊరంతా ఒక్కటే, ఏ కులానికి ఆ కులం వెట్టి చేయాల్సిందే. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి, గౌండ్ల కల్లు పోయాలి, మాదిగ చెప్పులు కుట్టి కబురు మోయాలి. దొర కూతురు అత్తారింటికి వెళ్తే వెంట ఆడబాపగా పేదింటి పిల్ల వెళ్లాలి. నాగువడ్డీకి గింజలు తెచ్చిన కుటుంబం తరాల తరబడి భగేలాగా పడి ఉండాలి.

దీన్ని ఎత్తిచూపినవాళ్లు లేకపోలేదు. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘం వెట్టిని ఖండించింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగింది. భగేలా ఒప్పందాలకు హద్దులు పెడుతూ 1936లో ప్రభుత్వం చట్టం చేసింది. కానీ దాన్ని ఊళ్లో అమలు చేయాల్సిన పట్వారీ దొర మనిషే. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక మహాసభ పల్లెపల్లెకూ సంగమై పాకింది.

నాకు ఈ చరిత్ర అంతటిలో ప్రాణమైన ఘట్టం పాలకుర్తిది. పాల్కురికి సోమనాథుడి ఊరిగా పేరున్న ఆ పల్లెలో చిట్యాల ఐలమ్మ, నర్సింహ దంపతులు చాకలివాళ్లు. మల్లంపల్లి మక్తేదారు దగ్గర భూమి కౌలుకు తీసుకుని సాగు చేసుకున్నారు. వెట్టి చేయాల్సిన కులం సొంతంగా అరక కట్టడం పట్వారీ శేషగిరిరావుకు గిట్టలేదు. తన పొలంలో పనికి రమ్మన్నాడు, వాళ్లు పోలేదు. పైగా ఐలమ్మ సంగంలో చేరింది. ఆమె ఇల్లే సంగం ఇల్లయింది.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి దీన్ని చిన్న విషయంగా చూడలేదు. నలభై వేల ఎకరాలు, అరవై ఊళ్ల మీద పెత్తనం ఉన్నవాడికి నాలుగెకరాల పంట లెక్క కాదు. కానీ ఒక చాకలామె కాదని నిలబడితే రేపు అరవై ఊళ్లూ నిలబడతాయని ఆయనకు తెలుసు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు వంటి సంగం నాయకులను కేసుల్లో ఇరికించారు, చిత్రహింసలు పెట్టారు. చేను పండగానే కోసుకురమ్మని దొర దాదాపు వందమందిని పంపాడు. సంగం కార్యకర్తలు కొద్దిమందే, చేతుల్లో గుత్పలు. ఆ గుత్పలకే గూండాలు పరుగు తీశారు. కార్యకర్తలే పంట కోశారు, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. పోలీసుల అండ ఉండి కూడా దొర ఆ గింజలను తీసుకెళ్లలేకపోయాడు. తర్వాత కక్ష తీర్చుకున్నారు, ఆమె ఇల్లు తగలబెట్టారు. ఆమె తరఫున కొండా లక్ష్మణ్ బాపూజీ కోర్టులో వాదించారు. ఐలమ్మ భూమి వదల్లేదు.

1946 జులై 4న కడవెండిలో సంగం ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే చనిపోయాడు. ఆ రోజుతో గుత్పల కాలం పోయి తుపాకుల కాలం వచ్చింది. 1947 సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఒకవైపు నిజాం పక్షాన రజాకార్లు, ఒకవైపు కమ్యూనిస్టు దళాలు. 1948 ఆగస్టులో రజాకార్ల దాడిలో బైరాన్‌పల్లి నెత్తురు మడుగైంది. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని, నాలుగు వేల మందిని కోల్పోయామని కమ్యూనిస్టు పార్టీ లెక్క.

ఆ తర్వాతి కథ ఇంత సూటిగా సాగదు. 1948 సెప్టెంబర్ 17న నిజాం భారత సైన్యానికి లొంగిపోయాడు. వచ్చిన సైన్యం దళాల మీదికి తిరిగింది, ఊళ్లు వదిలిన దొరలు మళ్లీ దిగారు. మరాఠ్వాడా జిల్లాల్లో, మరికొన్ని చోట్ల ముస్లింలను ఊచకోత కోశారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టులు పోరాటం విరమించారు. దేశమంతటా వెట్టిని నేరం చేసిన చట్టానికి 1976 దాకా ఆగాల్సివచ్చింది. ఈనాటికీ ఒడిశా నుంచి అడ్వాన్సులిచ్చి తెచ్చిన కుటుంబాలను మన ఇటుకబట్టీల నుంచి అధికారులు విడిపిస్తున్నారు. ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

అమెరికాలోనూ ఇక్కడా నేను చూసింది ఒకటే. రాజీలతో, కాగితం చట్టాలతో బానిసత్వాన్ని దాటవేసిన ఈ రెండు రాజ్యాలూ చివరికి నెత్తురుతో లెక్క తీర్చుకున్నాయి. ఇక్కడ వెట్టిని ఆపింది ఫర్మానాలు కావు, చేయం పొమ్మన్న మనుషులు.

ఆ మనుషుల్లో అప్పటికి పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు తొంభైకి చేరారు. అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో ఉంటున్న జనగామ, సూర్యాపేట, నల్లగొండ పిల్లలకు ఒక మాట. ఈ బతుకమ్మకు ఊరు వెళ్లినప్పుడు తాతనో అమ్మమ్మనో కూర్చోబెట్టి, గడీలో ఏ పని చేశారో, ఎప్పుడు మానేశారో అడగండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వచ్చే ఏటికి వాయిదా వేయకండి.