ఇంటిపేరు చెప్పు కథ

నేడు మన పల్లెబాటలలో తిరుగు మోటారుబండ్లలో ననేకములమీద ‘సుజుకీ’ యని యొక పేరు కనబడును. అది యంత్రము పేరని కొందఱును, వ్యాపారసంఘము పేరని కొందఱును తలతురు. నిజమునకది జపానుదేశమునందలి యొక యింటిపేరు. మనలో అల్లూరివారు, గురజాడవారు అనునట్లే అక్కడ సుజుకీవారు. దేవరాపల్లివంటి పల్లెలలో కూర్చుండి వినుచున్న పెద్దలకు ఇంటిపేర్లను గూర్చి నాలుగు మాటలు మనవిచేయదలచి, ఆ దూరదేశపు పేరుతోనే ప్రారంభించుచున్నాను.

జపానువారు ఈ పేరును ‘గంట’, ‘చెట్టు’ అను అర్థములుగల రెండక్షరములతో వ్రాయుదురు. కాని ఆ యక్షరములు ధ్వనికొఱకు తెచ్చుకొన్నవేగాని అర్థముకొఱకు కావని పండితులు చెప్పుదురు. సముద్రతీరమునందలి కీయి యను సీమలో, కోతలైన పిదప పొలమున వేయు వరికుప్పకు ఇంచుమించుగా ఇదే పేరు. ఆ కుప్ప నడుమ నిలిపిన కఱ్ఱమీదికి ధాన్యదేవత దిగివచ్చునని అచ్చటి రైతుల విశ్వాసము. వరికుప్ప యెదుట చేతులు జోడించు మన రైతునకు ఈ భావము క్రొత్తది కాదు. ఆ సీమయందే కుమనో యను గొప్ప పుణ్యక్షేత్రము గలదు. ఆ క్షేత్రమును సేవించు వంశములలో నొకటి యీ పేరు ధరించి, ఫుజిషిరో యనుచోట స్థిరపడి, కుమనో దేవతల భక్తిని దేశమున వ్యాపింపజేసెను. భక్తితోపాటు పేరును వ్యాపించెను. నేడు సుజుకీవారు సుమారు 18 లక్షలమంది యుందురని లెక్క. జపానులో ‘సాతో’ యను పేరొక్కటియే దీనిని మించినది.

అయినను ఇన్ని లక్షలమందియు నొక్క మూలపురుషుని సంతతివారు కారు. పూర్వము ఆ దేశమున ఇంటిపేరు బహిరంగముగా చెప్పుకొను హక్కు ఆయుధధారులైన సమురాయి వర్గమునకును, ప్రభువుల యనుగ్రహము పొందిన కొందఱికిని మాత్రమే యుండెడిది. 1870లో ప్రజలందఱును ఇంటిపేరు పెట్టుకొనవచ్చునని ప్రభుత్వ మనుమతించెను. జనులు త్వరపడలేదు. పన్నులకును సైన్యమునకును పేర్ల పట్టికలు కావలసిన ప్రభుత్వము, 1875లో ప్రతివాడును పెట్టుకొని తీరవలెనని శాసించెను. అంతకుముందే తమలో తాము వాడుకొనుచున్న పేరుగలవారు దానినే వ్రాయించుకొనిరి. లేనివారు పొలమునో, కొండనో, ప్రసిద్ధమైన వేఱొక పేరునో గ్రహించిరి. తనకా యనగా పొలము నడుమ. యమమొతో యనగా కొండ మొదలు.

మనకట్టి శాసన మెన్నడును కలుగలేదు. మన యింటిపేర్లను పెట్టినది ప్రభుత్వము కాదు, ఎక్కువభాగము ఇరుగుపొరుగువారే. ఒకడు స్వగ్రామము విడిచి వేఱొక యూరు చేరును. అక్కడ ఇదివఱకే ముగ్గురు రామయ్యలుందురు. నాలుగవవానిని గుర్తించుటెట్లు? అతడు విడిచివచ్చిన యూరితో గుర్తింతురు. ఆ గుర్తే కొడుకులకు, మనుమలకు సంక్రమించి ఇంటిపేరగును.

ఇందులకు మన వ్యాకరణమే సాక్ష్యము. కందుకూరు ఊరిపేరు, కందుకూరి యింటిపేరు. టంగుటూరు ఊరు, టంగుటూరి యిల్లు. ‘ఇల్లు’ అను మాట ‘ఇంటి’ యైనట్లు, ‘ఊరు’ అను మాట ‘ఊరి’ యైనది. కందుకూరి వీరేశలింగమనగా కందుకూరికి సంబంధించిన వీరేశలింగమని యర్థము. అయితే ఆయన 1848లో జన్మించినది రాజమహేంద్రవరమున. కందుకూరును విడిచి వచ్చినవారు ఆయన పూర్వులు. మన అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారి యింటిపేరు కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామమును జ్ఞప్తికి తెచ్చును. ‘గురజాడ’, ‘పల్లి’ వంటి మాటలకు విభక్తిలో రూపము మాఱదు గనుక అట్టిచోట ఊరిపేరును ఇంటిపేరును ఒక్కటిగానే కనబడును.

దీనినిబట్టి నాకు తోచు సంగతి యొకటి గలదు. ఊరిపేరు ఇంటిపేరుగా గలవాడు సాధారణముగా ఆ యూర నున్నవాడు కాడు, విడిచినవాడు. దేవరాపల్లిలో నందఱును దేవరాపల్లివారే. ఆ పేరుతో అక్కడ నొకనిని వేఱొకనినుండి విడదీయుట కుదురదు. శారదానది దాటి, చోడవరము దాటి, మఱియొక సీమ చేరినపుడే ఆ పేరునకు పని కలుగును. కావున ఇంటిపేరు వలసపోయినవాని మూట. దానిలో నున్నది విడిచిన యూరు.

దేవర యనగా దేవుడు, ప్రభువు. పల్లి యనగా చిన్న గ్రామము. ఇట్టి పేరు ఒక్క చోటనే యుండునని తలపరాదు. మనకు అనకాపల్లి జిల్లాలో దేవరాపల్లి గలదు. తూర్పుగోదావరి జిల్లాలో దేవరపల్లి గలదు. తెలుగున ఒక దీర్ఘము భేదము. ఇంగ్లీషు లిపిలో ఆ భేదమును పోవును. ఒడిస్సాలోని కటకమున టీ యమ్ముకొని జీవించుచు, ఆ సంపాదనతో మురికివాడల బిడ్డలకు పాఠశాల నడిపిన ప్రకాశరావుగారిని మీలో కొందఱు వినియుందురు. ఆయనకు 2019లో పద్మశ్రీ లభించెను. 2021లో కాలధర్మము నొందెను. పత్రికలు ‘డి. ప్రకాశరావు’ అని వ్రాసెడివి. ఆ ‘డి’ యనగా దేవరపల్లి. ఒక్క యక్షరము చాటున ఒక తెలుగుపల్లె దాగియుండెను.

ఇంటిపేర్లన్నియు ఊళ్లనుండియే పుట్టలేదు. చింతల, మామిడి వంటివి చెట్లను, మిరియాల, బెల్లము వంటివి సరకులను, కరణము, తలారి వంటివి ఉద్యోగములను తెలుపును. కాని ఏ తెగకు చెందిన పేరైనను దానినిబట్టి కులము నిర్ణయించుట పొరపాటు. ఒకే యూరినుండి బయలుదేఱిన భిన్నకులములవారికి ఒకే యింటిపేరు కలుగుట స్వాభావికమే.

రక్తమును నిర్ణయించుటయు పొరపాటే. విశాఖపట్టణమున 1910లో జన్మించిన శ్రీశ్రీ, పుట్టుకచేత పూడిపెద్దివారు, దత్తతచేత శ్రీరంగమువారు. జపానులో నిట్టిది మఱింత విశేషము. మగసంతు లేని యింట అల్లుడే ఇంటిపేరు స్వీకరించి కొడుకగును. సుజుకీ మోటారు సంస్థను చిరకాలము నడిపి 2024లో మరణించిన ఒసాము సుజుకీగారు పుట్టినది మత్సుదావారి యింట; అల్లుడై సుజుకీ యయ్యెను. మన యిల్లరికపుటల్లుడు అత్తవారి భూమి దున్నును గాని సాధారణముగా తన యింటిపేరు విడువడు. ఒకరు ఇల్లు నిలుపుటకు పేరు మార్చిరి. ఒకరు పేరు నిలుపుకొని ఇల్లు మాఱిరి.

జపానువారికిని మనకును ఒక సామ్యము గలదు: ఇద్దఱమును ఇంటిపేరును ముందు చెప్పుదుము. పాశ్చాత్యులతో వ్యవహరించునపుడు జపానువారు చాలకాలము దానిని వెనుకకు త్రోసిరి. 2020 జనవరి 1 నుండి వారి ప్రభుత్వము తన పత్రములలో ఇంగ్లీషు లిపియందును ఇంటిపేరే ముందు వ్రాయుచున్నది. మనమో, దానిని ఒక్క యక్షరముగా కుదించుకొంటిమి. ‘దే’ యనిన దేవరపల్లియా, దేవులపల్లియా? ‘డి’ యనిన దాడియా, ద్వారమా? బడిపట్టికలోని పొడియక్షరమును చూచి తన యింటిపేరు పూర్తిగా చెప్పలేని పిల్లవాడు నేడు అరుదు కాడు. రేపు వాడు దూరదేశమునకు పోవును. వాని బిడ్డకు ఆ యక్షరమే మిగులును.

ఫుజిషిరో దేవాలయము చెంత సుజుకీవారి మూలగృహము నేటికిని గలదు. ఆ పేరుగలవారు పోయి చూచి రాగలరు. మన మూలగృహములు అట్లు నిలిచిలేవు. అవి పెద్దల నాలుకమీదనే యున్నవి. మా పూర్వులు ఏ దేవరపల్లినుండి వచ్చిరి, ఏ తరమున వచ్చిరి, కరవుచేతనా, పెండ్లిచేతనా, భూమికొఱకా, నడుమ దత్తత జరిగెనా — ఈ సంగతులను ఇంటిపేరు తనంతట తాను చెప్పజాలదు. పెండ్లిమాటలలో ‘మీదే యూరు, మీ మూలమెక్కడ?’ అని యడుగువారున్నంతకాలము ఆ జ్ఞానము నిలిచెను. ఆ ప్రశ్న యడుగువారును, సమాధానము చెప్పువారును తగ్గుచున్నారు.

కావున పెద్దలకు నా మనవి యొకటియే. ఇంట ఒక పుస్తకము తీసి, మొదటి పుటపై మీ యింటిపేరును పొడియక్షరములు లేక పూర్తిగా వ్రాయుడు. దాని క్రింద మీరు విన్న మూలగ్రామమును, అది యేటియొడ్డుననో, కొండదాపుననో గుర్తించు ఆనవాలును వ్రాయుడు. కోడండ్రుగా వచ్చినవారి పుట్టింటిపేర్లను విడువక వ్రాయుడు. అవియు మీ మనుమలకు సొంతములే. పిదప దానిని ఒకమాఱు మీ మనుమనిచేత బిగ్గఱగా చదివింపుడు.