వేంపల్లె కార్బొనేట్ వేదిక

కడప జిల్లా వేంపల్లె, పులివెందుల ప్రాంతాల గుట్టల్లో కనిపించే బూడిదరంగు డోలమైట్ పొరలు ఒకనాడు లోతులేని సముద్రపు అడుగున పేరుకున్నవి. ఇలా ఖండపు అంచున విశాలంగా ఏర్పడే సున్నపు మేటను భూగర్భ శాస్త్రజ్ఞులు కార్బొనేట్ వేదిక అంటారు. ధార్వార్ క్రేటన్ అనే పురాతన ఖండభాగపు తూర్పు అంచున, సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల కడప బేసిన్‌లో దాదాపు అట్టడుగున ఉన్న పొరలివి. ఈ రాళ్ల వరుసక్రమాన్ని విలియం కింగ్ 1872లో భారత భూవిజ్ఞాన సర్వే గ్రంథంలో వివరంగా నమోదు చేశారు.

సముద్రం మొదట నేల మీదికి వచ్చినప్పుడు గులకరాళ్లు, ఇసుక పరుచుకున్నాయి. అదే గుల్చేరు క్వార్ట్జైట్. నదులు మోసుకొచ్చే ఇసుక, బురద తగ్గి నీరు తేటపడ్డాకే సున్నం పేరుకోవడం మొదలైంది. అప్పటికి పగడాలు లేవు, గవ్వలు లేవు. వేదికను కట్టినవి కంటికి కనిపించని సయనోబాక్టీరియా. ఎండ తగిలే లోతులో అవి జిగురుచాపల్లా పరుచుకుని, నీటిలోని కార్బన్ డయాక్సైడును వాడుకునేవి. దాంతో సున్నం విడివడి అడుగుకు చేరేది. కొట్టుకొచ్చిన సన్నటి రేణువులు కూడా ఆ జిగురుకు అంటుకునేవి. మేట కప్పేసినప్పుడల్లా సూక్ష్మజీవులు వెలుతురు కోసం పైకి పాకి కొత్త పొర వేసేవి. ఆ పొరల గుబ్బలే స్ట్రోమటోలైట్లు. రాయిని నిలువుగా కోస్తే మిల్లీమీటరు మందపు గీతలు ఒకదానిపై ఒకటి వంపు తిరిగి కనిపిస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇవి నేటికీ పెరుగుతున్నాయి. అక్కడి నీరు బాగా ఉప్పన కావడంతో వాటిని మేసే నత్తల వంటివి తక్కువ. వేంపల్లె కాలంలోనైతే మేసే జంతువులే పుట్టలేదు. సున్నపు మేటలోకి తర్వాత మెగ్నీషియం చేరడంతో అది డోలమైట్‌గా మారింది.

ఈ శ్రేణి మందం గరిష్ఠంగా 1,900 మీటర్ల దాకా ఉంటుందని అంచనా. అయినా అనేక మట్టాల్లో అలల ముద్రలు, ఎండి పగిలిన నెర్రెలు ఉన్నాయి. అంటే నీరు ఎప్పుడూ లోతుగా లేదు. ఖండపు అంచు సాగి కుంగుతూ ఉంటే, సూక్ష్మజీవులు ఆ కుంగుబాటుకు తగ్గట్టు వేదికను పెంచుకుంటూ వచ్చాయి. వేంపల్లె కథలో అన్నిటికన్నా ఆశ్చర్యం గొలిపేది ఈ సమతూకమే. కుంగుడు వేగం పెరిగితే వేదిక మునిగిపోయేది, తగ్గితే గాలికి బయటపడి కోతకు గురయ్యేది.

చివరికి లావా ప్రవాహాలు వచ్చాయి. ఆ తర్వాత కొంతకాలం కోత సాగి, దానిపై పులివెందుల క్వార్ట్జైట్ పడింది. ఇంకా పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొరబడిన అగ్నిశిల వయసు 188.5 కోట్ల ఏళ్లని తేలింది కాబట్టి, వేంపల్లె వేదిక అంతకన్నా పాతది. దానిలోని ఫాస్ఫేటు కలిసిన డోలమైట్ పొరల్లోనే తుమ్మలపల్లె యురేనియం నిక్షేపం ఉంది.

చాలాకాలం తర్వాత ఇదే బేసిన్‌లో సముద్రం మళ్లీ సున్నం పేర్చింది. అది కర్నూలు వర్గానికి చెందిన నార్జి సున్నపురాయి. ఇందులో స్ట్రోమటోలైట్లు అరుదు. సన్నటి సున్నపు బురద నిదానంగా, చదునుగా పేరుకున్న రాయి కావడంతో పలకలుగా సులువుగా విడిపోతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నాపరాళ్లు ఇవే. ఈ రాతిని భూగర్భజలం కరిగించడంతోనే 3,229 మీటర్ల పొడవైన బెలుం గుహలు ఏర్పడ్డాయి.