ఉక్కు విద్య రక్తంలో ఉంటుందా?

కమ్మరి పని కమ్మరి ఇంట పుట్టినవాడికే పట్టుబడుతుందనీ, కొత్తవాడు ఎన్నేళ్ళు సుత్తి కొట్టినా రాదనీ మనవాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. చదువుకున్నవాళ్ళు "జన్యువుల్లో ఉండాలండీ" అంటారు. మాట మారింది, సరుకు అదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం చరిత్రతో దీన్ని పరీక్షించి చూద్దాం.

డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ కత్తులకు ఉక్కు ముద్దలు వెళ్ళిన చోట్లలో ఈ ఊరొకటి. ఇంగ్లీషువాళ్ళ "వూట్జ్" అనే మాట మన "ఉక్కు" నుంచి పుట్టిందే. సర్వే విభాగంలో పనిచేసి 1824లో చనిపోయిన డాక్టర్ వాయిసీ ఇక్కడి పని స్వయంగా చూశాడు. ఆయన రాసింది 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసల్లో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి తిత్తులు ఊదేవాళ్ళు. ముద్ద పెళుసుగా వస్తుంది కాబట్టి మట్టి పూసి మళ్ళీ మళ్ళీ కాల్చేవాళ్ళు. సరుకు కోసం పర్షియా నుంచి వచ్చిన వర్తకుడొకడు అక్కడే ఉన్నాడు. తమ దేశంలో ఇలాంటిది చేయబోయి కుదరలేదని వాయిసీకి అతనే చెప్పాడు.

అదే కాలంలో లండన్‌లో మైకేల్ ఫారడే ఈ ఉక్కు వెంట పడ్డాడు. ఆయన తండ్రి కమ్మరి! పుట్టుక వాదం లెక్కన పూర్తి అర్హత ఉన్నట్టే. 1819లో వూట్జ్‌ని పరీక్షించి, దాని గొప్పతనం అల్యూమినియం వల్ల అనుకున్నాడు. తప్పు. కత్తుల తయారీదారు స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి చూశాడు. వూట్జ్ రహస్యం దొరకలేదు గానీ, మిశ్రమ ఉక్కుల పరిశోధనకు అది తొలి అడుగుల్లో ఒకటి. ఆ నమూనాలు 79 ఒక పెట్టెలో మిగిలి ఉంటే, 1930లలో హాడ్‌ఫీల్డ్ వాటిని పరీక్షించాడు.

2006లో ఒక పాత డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోగొట్టాలు కనిపించాయని జర్మన్ శాస్త్రజ్ఞులు రాశారు. ఇంకేం, మన పూర్వీకులకు నానో టెక్నాలజీ తెలుసన్నారు! అన్నం వార్చేవాడికి పిండిపదార్థాల రసాయనశాస్త్రం తెలుసనడం లాంటిదే ఇది. వాళ్ళకి తెలిసింది మంట రంగు, ఇనుము రకం, ఆగాల్సిన సమయం. అది చిన్న విషయమేమీ కాదు.

చివరికి ఆ చారల కత్తిని మళ్ళీ చేసి చూపించినవాళ్ళు ఎవరు? అమెరికాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్ఫ్రెడ్ పెండ్రే, లోహశాస్త్రజ్ఞుడు వెర్హోవెన్. ఏళ్ళ తరబడి పోతపోసి, పాడుచేసి, మళ్ళీ పోశారు. ఇనుములో వెనేడియం లాంటివి లేశమాత్రం ఉండాలనీ, అవి లేకపోతే ఎంత సాగగొట్టినా చారలు రావనీ 1998లో ప్రకటించారు. పాత గనుల ఇనుము అయిపోయాక, చేతిలో నేర్పు ఉన్నవాళ్ళకి కూడా ఆ కత్తి రాకుండా పోయి ఉంటుందని వాళ్ళ అంచనా.