బ్రేకు తీసేసిన ఎలుకలు

1990ల తొలినాళ్లలో శాస్త్రవేత్తల మధ్య పెద్ద తగువే నడిచింది. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల మీద ఉండే సీటీఎల్‌ఏ-4 అనే ప్రొటీన్ వాటిని ఉసిగొల్పుతుందా, అదుపు చేస్తుందా?

1995లో ఎలుకలే తేల్చాయి. అమెరికాలో ఆర్లీన్ షార్ప్ బృందం, కెనడాలో టాక్ మాక్ బృందం ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు లేని ఎలుకలను విడివిడిగా పుట్టించాయి. కొద్ది రోజుల్లోనే వాటి టీ కణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగి గుండెలోకి, క్లోమంలోకి చొరబడ్డాయి. ప్లీహం, లింఫు గ్రంథులు ఉబ్బిపోయాయి. మూడు నాలుగు వారాలకే పిల్లలు చనిపోయాయి. అంటే ఆ ప్రొటీన్ బ్రేకు అన్నమాట! క్యాన్సర్ వైద్యం ఈ చిన్న ప్రాణాలకు ఎంతో రుణపడి ఉంది.

మరుసటి ఏడాదే జేమ్స్ అలిసన్ బృందం ఆ బ్రేకును యాంటీబాడీతో అడ్డుకుని, టీ కణాలను క్యాన్సర్ మీదికి వదిలి, ఎలుకల్లో కణితులను కరిగించింది. ఆ దారిలోనే వచ్చిన ఇపిలిముమాబ్ అనే మందుకు 2011లో, ముదిరిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) చికిత్సకు, అమెరికా అనుమతి దక్కింది.