బండ్లు లేని వలస: టెక్సాసులో జర్మనుల కథ

నేటి నా ప్రసంగము నూట యెనుబది యేండ్లకు పూర్వము జరిగిన ఒక వలసను గూర్చినది. ఉత్తర అమెరికాలోని టెక్సాసు సీమకు జర్మనీనుండి వేలకొలది రైతులును, చేతిపనివారును, ఆలుబిడ్డలతో ఓడలెక్కి పోయిరి. ఇట్టి కథలు చెప్పువారు సాధారణముగ వలసపోయినవారి సాహసమును పొగడుదురు. నేను మాత్రము నేడు బత్తెమును గూర్చియు, బండ్లను గూర్చియు, లెక్కపుస్తకములను గూర్చియు చెప్పదలచితిని. ఏలయన ఈ వలసలో జనులను బ్రతికించినవియు, చంపినవియు అవియే.

టెక్సాసు 1836లో మెక్సికోనుండి విడివడి స్వతంత్రరాజ్యమయ్యెను. భూమి విస్తారము, జనులు కొలది, బొక్కసము శూన్యము. కావున అచ్చటి ప్రభుత్వము వలసదారులను తెచ్చువారికి భూములిచ్చెదమని ప్రకటించెను. జర్మనీలోనో, భూములు తరతరమునకు తునుకలై, పనివారికి కూలి దొరకుట కష్టమగుచుండెను. ఇట్టి సమయమున, 1842 ఏప్రిల్ 20వ తేదీని, రైను నదీతీరమున బీబ్రిఖ్ అను చోట 21 మంది జర్మను ప్రభువులు సమావేశమై, వలసదారుల కొరకొక సంఘమును స్థాపించిరి. బీదలకు మేలును, దేశమునకు వర్తకమును, తమకు కొంత లాభమును కలుగునని వారి తలంపు. దురుద్దేశమేమియు లేదు, కాని వారిలో పెక్కురకు వ్యవసాయముగాని, వర్తకముగాని స్వయముగ చేసిన యనుభవము లేదు.

సంఘమువారు ముందుగ ఇద్దరు ప్రభువులను టెక్సాసు చూచి రమ్మని పంపిరి. వారిలో బోస్ వాల్డెక్ ప్రభువు, చేతనున్న కొలది ధనముతో పెద్ద వలసకు పూనుకొనుట తగదని హెచ్చరించెను. రెండవవాడు ఆశ చూపెను. సంఘము ఆశవైపునకే మొగ్గెను. 1844లో మూలధనము 2 లక్షల గుల్డెనులు, అనగా సుమారు 80 వేల డాలర్లు, అని నిర్ణయించిరి. గృహస్థుడు 600 గుల్డెనులు చెల్లించినచో ఓడప్రయాణమును, 320 ఎకరముల భూమియు, దుంగల యిల్లును, పంట చేతికివచ్చువరకు అప్పుమీద బత్తెమును లభించునని ఒడంబడిక. ఒంటరివానికి సొమ్ములో సగము, భూమిలో సగము.

ఇక భూమి మాట. 1844 జూనులో సంఘము ఫిషరు అను దళారివద్ద లానో, కొలరాడో నదుల నడుమ 38 లక్షల ఎకరములకు పైబడిన ప్రదేశముపై హక్కు కొనెను. మన పల్లెలలో అరయెకరము కొనువాడైనను సరిహద్దురాళ్లు చూచి, ఇరుగుపొరుగువారిని విచారించి, ఆ పిమ్మటగాని బయానా ఇయ్యడు. ఈ ప్రభువులలో ఒక్కరును ఆ నేలను కంటితో చూడలేదు. చూచినచో మూడు సంగతులు తెలిసియుండును. మొదటిది, అది సముద్రపు రేవునకు రెండువందల మైళ్లకు పైగా లోపలనున్నది. నడుమ సరియైన బాట లేదు. రెండవది, వారు కొన్నది సొంతహక్కు కాదు. గడువులోపల ఇన్ని కుటుంబములను నిలిపినచో భూమి దక్కునను షరతు మాత్రమే. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ ప్రదేశము కొమాంచీలను స్వదేశీయుల వేటభూమి. అమ్మినవారును, కొన్నవారును కొమాంచీలను మాటమాత్రమైన అడుగలేదు.

సంఘము తరఫున మొదటి అధికారిగ సోల్మ్స్ బ్రౌన్‌ఫెల్సు రాకుమారుడు కార్లు వచ్చెను. 1844 చివర వలసదారుల ఓడలు చేరసాగెను. రాకుమారుడు మాటగోర్డా అఖాతము ఒడ్డున ఇండియన్ పాయింటు అను ఇసుకతిప్పను రేవుగ నేర్పరచెను. కొన్న భూమి బహుదూరమని తెలిసికొని, త్రోవలో మజిలీగ సాన్ అంటోనియోకు చేరువనున్న 1,265 ఎకరములను 1,111 డాలర్లకు కొనెను. ఆయన చేసిన పనులలో ఇది మిక్కిలి మేలైనది. ఏలయన అచ్చట కోమాల్ ఊటలు ఏడాది పొడవున ప్రవహించుచుండెను. 1845 మార్చి 21వ తేదీని వలసదారుల బండ్లు గ్వాడలూపె నదిని దాటి ఆ చోటు చేరెను. అదియే న్యూ బ్రౌన్‌ఫెల్సు. రాకుమారుడు అచ్చట తనకు కాబోవు భార్య పేర కోటకు శంకుస్థాపన చేసెను. కాని ఆదాయవ్యయముల చిట్టా సరిగ నుంచలేదు. మే మాసములో స్వదేశమునకు మరలెను.

ఆయన స్థానమున వచ్చినవాడు మోయిజెబాఖు. ఈయన తన ప్రభుబిరుదమును విడిచి సామాన్యుడుగ టెక్సాసులో అడుగుపెట్టెను. లెక్కలు చూడగా 19 వేల డాలర్లకు పైబడిన ఋణము. పెట్టెలో ధనము లేదు. ఇంతలో, 1845 అక్టోబరు మొదలు 1846 ఏప్రిల్ వరకు, 5,257 మంది వలసదారులు దిగిరి. సంఘపు మూలధనమంతయు వీరికే పంచినను తలకు 15 డాలర్లు మాత్రమే. వలసదారులు తాము చెల్లించిన సొమ్ము వేరుగ నున్నను, అది అప్పటికే ఓడలక్రిందను, అప్పులక్రిందను కరగుచుండెను. మోయిజెబాఖు లక్షకు పైగా డాలర్లు పంపుడని వ్రాయగా, సంఘమునుండి వచ్చినది 24 వేలకు హుండీ.

అప్పుడే మరియొక విపత్తు. 1846 వసంతమున అమెరికాకును, మెక్సికోకును యుద్ధము కలిగెను. సైన్యము ఎక్కువ కిరాయి ఇయ్యగా, వలసదారులకై కుదిరిన బండివాండ్రు తమ బండ్లను, ఎద్దులను దండునకు తోలుకొనిపోయిరి. రేవున వేలకొలది జనులు నిలిచిపోయిరి. నీడకు చెట్టు లేదు, మంచినీరు అరుదు, ఎడతెగని వానలు. గుడారములలోను, ఇసుకలో త్రవ్విన గుంటలలోను కాపురములు. చలిజ్వరము, రక్తవిరేచనములు ప్రబలెను. నిలువలేక కాలినడకను బయలుదేరినవారు బురదబాటప్రక్కనే ఒరిగిరి. వందలకొలది మంది ఇట్లు మరణించిరి. న్యూ బ్రౌన్‌ఫెల్సులో తల్లిదండ్రులు పోయిన పిల్లలను ఎర్వెన్‌బెర్గు అను పాదిరియు, ఆయన భార్యయు చేరదీసిరి. ఆ జనులు శత్రువులచేత చావలేదు. బండ్లు లేక చచ్చిరి. ఈ సంగతి మనము మరువరాదు.

మోయిజెబాఖు చేతనైన యుపాయములను విడువలేదు. ముందుకు ఎనుబది మైళ్ల దూరమున మరియొక మజిలీయూరు నేర్పరచెను. మొదటి బండ్లు 16 దినములు నడచి 1846 మే 8వ తేదీని అచ్చటికి చేరెను. అదియే ఫ్రెడెరిక్స్‌బర్గు. ఊరిలో ఇంటిస్థలమును, వెలుపల 10 ఎకరములును ఒక్కొక్కరికి ఇచ్చిరి. పిమ్మట, 1847లో, ఆయన సుమారు 40 మందితో కొమాంచీల సీమలోనికి తానే పోయెను. మార్చి నెలలో సాన్ సాబా నదీతీరమున వారి నాయకులతో కూర్చుండి మాటాడెను. 3 వేల డాలర్ల విలువగల కానుకలిచ్చుటయు, ఇరుతెగలవారు ఒకరి ప్రదేశములో మరియొకరు నిర్భయముగ సంచరించుటయు షరతులు. మే 9వ తేదీని నాయకులు ఫ్రెడెరిక్స్‌బర్గునకు వచ్చి సంతకములు చేసిరి. ఇరుపక్షములు నిలుపుకొన్న అరుదైన ఒడంబడికలలో ఇదియొకటియని చరిత్రకారులు చెప్పుదురు. మూడేండ్లకు పూర్వమే అడుగవలసినవారిని అప్పటికి అడిగిరి.

1848లో అమెరికా సైన్యము ఆ యూరి చెంత కోట కట్టగా, రైతుల పంటకు అంగడి దొరకెను. సంఘము మాత్రము ఋణములలో మునిగి, 1853లో తన ఆస్తులను ఋణదాతలకు వదలుకొనెను. అది తెచ్చినవారు మొత్తము 7 వేలకు పైబడిరి. వారిలో మిగిలినవారి ఊళ్లు నేటికిని నిలిచియున్నవి. కొమాంచీలకు మాత్రము ఆ నేల మిగులలేదు. 1859లో ప్రభుత్వము టెక్సాసులో మిగిలిన వారి నివాసస్థలమునుండియు వారిని వెడలగొట్టెను. జర్మను వలసదారుని మాట నిలిచినను, రాజ్యముయొక్క మాట నిలువలేదు.

మన తెలుగు జిల్లాలనుండియు ఆ శతాబ్దమున మారిషసునకు, నేటాలునకు, బర్మాకు జనులు ఒడంబడికలు నమ్మి ఓడలెక్కిరి. వారు కూలికి పోయినవారు, జర్మనులు భూమికి పోయినవారు, భేదము కలదు. కాని ఓడ దిగిన మరునాటి భోజనము ఎవరిదను ప్రశ్న ఇరువురికి నొక్కటియే. దూరదేశపు భూమిని, జీతమును వర్ణించి మీ గ్రామమునకు ఎవరైన వచ్చినచో, పెద్దలైన మీరు ఆ భూమి యెంత సారవంతమని అడుగుటకు ముందు, రేవునుండి అచ్చటికి బండి ఎవరు తోలుదురు, తొలిపంటవరకు గింజ ఎవరు కొలుతురు, అచ్చట నున్నవారు సమ్మతించిరా యని అడుగుడు. ఉత్తరము స్పష్టముగ లేనిచో పిల్లలను ఓడ నెక్కింపకుడు.