ఒకే తేదీ, రెండు పతనాలు

హైదరాబాదు ఆధునిక చరిత్ర చదవడానికి హుస్సేన్ సాగర్ గట్టుకు మించిన పుస్తకం లేదని నా నమ్మకం. కుతుబ్‌షాహీల కాలంలో నీటికోసం తవ్విన చెరువది. 1980లలో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ఆ గట్టుపై కవులు, రాజులు, సంస్కర్తలవి 33 విగ్రహాలు నిలిపి, దానిని తెలుగు సంస్కృతికి వేదికగా మలచింది. నీటి నడుమ ఏకశిలా బుద్ధుణ్ణి నిలపాలన్నదీ రామారావు సంకల్పమే.

భువనగిరి సమీపంలోని రాయగిరి రాతితో గణపతి స్థపతి ఆధ్వర్యంలో 58 అడుగుల విగ్రహం రూపుదిద్దుకుంది. వందల టన్నుల ఆ శిలను ఎన్నో చక్రాల వాహనంపై నగరానికి చేర్చారు. 1990 మార్చి 10న నీటిపై తరలిస్తుండగా అది ఒరిగి చెరువులో మునిగింది. పనిలో ఉన్నవారు కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరులో విగ్రహాన్ని వెలికితీసి నిలబెట్టారు. శిల్పి పేరు చరిత్రకెక్కింది. మరణించినవారి పేర్లు మాత్రం ఎవరి నోటా వినబడవు.

సరిగ్గా ఇరవై ఒక్క ఏళ్ళకు, 2011 మార్చి 10న, మిలియన్ మార్చ్ నాడు గట్టుమీది విగ్రహాలు కొన్ని కూలాయి. కొన్ని నీటిలో పడ్డాయి. ఆ వరుసలో తెలంగాణకు తగిన చోటు లేదన్నది ఉద్యమకారుల ఆవేదన. ఆ ఆవేదన న్యాయమైనదే. అయినా అంటరానితనాన్ని ధిక్కరించిన జాషువా విగ్రహమూ అందులో దెబ్బతినడం నన్నిప్పటికీ కలచివేస్తుంది.

మొదటి పతనానికి కారణం బరువు. ఇంజనీర్లు దానికి విరుగుడు కనుగొన్నారు. రెండవదానికి కారణం ఎంపిక. దానికి యంత్రమేదీ చాలదు. తరువాతి కాలంలో కొమరం భీం విగ్రహం అక్కడ వెలవడం ఆ ప్రశ్నకు దొరికిన ఒక జవాబు.

2023లో అదే చెరువు చెంత 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, దీపశిఖ ఆకృతిలో మెరిసే ఉక్కుతో అమరవీరుల స్మారకం వెలిశాయి. లోపల ఉక్కు చట్రం, పైన కంచు తొడుగు ఉన్న ఆ విగ్రహం రాతియుగపు శిల్పులు ఊహించని ఎత్తుకు చేరింది. సాంకేతికత ఎత్తునివ్వగలదు. కాని ఒక విగ్రహం నగరంలో నిలవాలంటే దాని ముందు నడిచే జనం అది తమదనుకోవాలి. గట్టుమీద ఎవరికి చోటివ్వాలో నిర్ణయించేటప్పుడు పాలకులు ఆ జనాన్ని ఒకసారైనా అడగాలి కదా?