మందుకు కాపలా కాసే రక్తపరీక్ష

విద్యార్థులారా! మీ ఇంట్లో అమ్మమ్మగారో నాయనమ్మగారో కీళ్లవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు, మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతూ ఉండవచ్చు. కొన్ని నెలలకొకసారి రక్తపరీక్ష చేయిస్తారు. రిపోర్టులో ఒక అంకె లావుగా, నల్లగా అచ్చయి ఉంటుంది. దాన్ని చూసి ఒకరు భయపడి మందు మానేస్తారు. మరొకరు రిపోర్టు విప్పకుండానే బీరువాలో పెట్టేస్తారు. రెండూ ప్రమాదమే. మందు మానితే కీళ్లు దెబ్బతిని వంకర పోవచ్చు. హెచ్చరికను పట్టించుకోకపోతే ఎముక మజ్జకో, కాలేయానికో ముప్పు రావచ్చు. ఆ అంకె కథ తెలియాలంటే మనం 1928 నాటి బొంబాయికి వెళ్లాలి.

ఆ ఏడాది లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మికుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. ఆ రోగంలో ఎర్రకణాలు తక్కువగా ఉంటాయి. ఉన్నవి మామూలు కంటే పెద్దవిగా ఉంటాయి. ఈస్ట్ సారం ఇస్తే రోగం తగ్గుతుందని ఆమె 1931లో ప్రకటించారు. అందులో పనిచేసే పదార్థం ఏమిటో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర జాతి ఆకుల నుంచి వేరుచేసిన ఒక పదార్థానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. విల్స్ వెతికినది ఇదే.

భీమవరంలో 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తరువాత దాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా తయారుచేసింది. తాళంకప్పలో దూరుతుంది గాని తిరగని తాళంచెవిని ఊహించుకోండి. అసలు తాళంచెవికి చోటే లేకుండా పోతుంది కదా! అలాంటిదే అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దీన్ని ల్యుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి తాత్కాలికంగా మెరుగు కనిపించిందని 1948లో వెల్లడించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటిదే మెథోట్రెక్సేట్.

1951లో గబ్నర్ బృందం అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం తగ్గడాన్ని గమనించింది. అయితే అప్పుడు అందరి దృష్టీ కార్టిసోన్ మీద ఉంది. 1985లో పద్ధతి ప్రకారం జరిగిన ప్రయోగాలు మెథోట్రెక్సేట్ గుణాన్ని నిరూపించాయి. 1988లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని కీళ్లవాతానికి అనుమతించింది. ఇక్కడ మోతాదు చాలా తక్కువ, అదీ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

ఇప్పుడు రిపోర్టు విప్పుదాం. కణం విభజన చెందాలంటే డీఎన్ఏ తయారవ్వాలి; దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. శరీరంలో కణాలు అతి వేగంగా విభజన చెందే చోట్లలో ఎముక మజ్జ ఒకటి. అందుకే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు లెక్కపెడతారు. ఎర్రకణాల సగటు పరిమాణాన్ని ఎం.సి.వి. అంటారు. అది పెరిగిందంటే విల్స్ బొంబాయిలో చూసిన పెద్ద కణాలే మళ్లీ కనిపిస్తున్నాయేమోనని వైద్యులు ఆలోచిస్తారు. కాలేయ కణాలు దెబ్బతింటే ట్రాన్సామినేజ్ ఎంజైములు రక్తంలోకి వస్తాయి. వీటిని కొలిచే పద్ధతి 1955లో వచ్చింది. మందు బయటికి పోయేది మూత్రపిండాల ద్వారా; అవి మందగిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. క్రియాటినిన్ చూసేది అందుకే.

హద్దు దాటిన ప్రతి అంకె రోగం కాదు. సాధారణ పరిధి అంటే ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఉండే పరిధి. మిగిలిన 5 మంది ఆరోగ్యంగా ఉండి కూడా బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఆరోగ్యవంతుడికైనా కనీసం ఒకటి హద్దు దాటే అవకాశం 64 శాతం. లెక్క మీరే వేసి చూడండి. మాత్ర వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో రక్తం ఇస్తే కాలేయ ఎంజైములు కాస్త పెరిగి కనిపించవచ్చు. కాబట్టి తరువాతి మోతాదుకు ఒకటి రెండు రోజుల ముందు ఇవ్వడం మంచిది. ఒక్క అంకె కంటే పాత రిపోర్టులతో పోలిక ఎక్కువ చెబుతుంది.

మరి ఎప్పుడు జాగ్రత్త పడాలి? 2017 నాటి బ్రిటిష్ మార్గదర్శకాల ప్రకారం తెల్లకణాలు మైక్రోలీటరుకు 3,500 కంటే, ప్లేట్‌లెట్లు 1,40,000 కంటే తగ్గినా, ఎ.ఎల్.టి. 100 దాటినా, క్రియాటినిన్ ఏడాదిలో 30 శాతానికి మించి పెరిగినా వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి. జ్వరం, నోటిపూత, ఆయాసం వస్తే రిపోర్టు కోసం ఆగకూడదు. చాలాసార్లు వైద్యులు మోతాదు తగ్గించడమో, కొన్నాళ్లు ఆపడమో, ఫోలిక్ ఆమ్లం మోతాదు మార్చడమో చేస్తారు. ఆ నిర్ణయం వైద్యులదే.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందుతో పాటు, వేరే రోజున, ఫోలిక్ ఆమ్లం మాత్రనే ఇవ్వడం మీకు విచిత్రంగా తోచవచ్చు. మందు గుణం పెద్దగా తగ్గకుండా దుష్ఫలితాలు తగ్గుతాయని అనుభవం, ప్రయోగాలు రెండూ తేల్చాయి. ఈసారి ఇంటికి రిపోర్టు వచ్చినప్పుడు భయపడకండి, దాచకండి. పాత రిపోర్టులు పక్కన పెట్టుకుని, తేదీల వారీగా అంకెలు ఒక కాగితం మీద రాసి, పెద్దవాళ్ల వెంట వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.